వియ్యపురాలితో నడక

మార్చి 4

ఆసుపత్రి నుంచి నేరుగా కూతురి ఇంటికి తెచ్చారు. కాలి నుంచి నరం తీసి గుండెకు కుట్టి, ఛాతీ ఎముకను తీగతో బిగించారట. దగ్గు వస్తే దిండును కావలించుకోమన్నారు. ఈ వయసులో కావలించుకోవడానికి దొరికింది దిండు.

డిశ్చార్జి చేస్తూ డాక్టర్, మనం బరువు తగ్గాలమ్మా, మనం రోజూ నడవాలి, మనం ఉప్పు మానాలి అన్నాడు. కాలేజీలో ఏళ్ళ తరబడి వ్యాకరణం చెప్పినదాన్ని. 'మనం' అంటే వినేవాళ్ళతో పాటు చెప్పేవాడు కూడా. ఆయన పొట్ట చూస్తే ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదనిపించింది.

మార్చి 6

క్రియ లేకపోయినా తెలుగు వాక్యం నిలబడుతుంది. ఉప్పు లేకపోతే కూర నిలబడదు.

మార్చి 13

నేను నడవకుండానే నడిచానంటానని భయపడి, మా అమ్మాయి నాకు కాపలా పెట్టింది. కాపలా ఎవరంటే మా వియ్యపురాలు, అల్లుడి తల్లి. ఆవిడా ఇదే ఇంట్లో ఉంటుంది. రైల్వే బుకింగ్ కౌంటర్లో పనిచేసి రిటైరైంది. ఇప్పటికీ మనం నోరు తెరవకముందే ఎక్కడికి అని అడుగుతుంది.

వీధి చివర మెడికల్ షాపు దాకా వెళ్ళిరావాలి. సగం దూరంలోనే గోడ పట్టుకుని నిలబడ్డాను. ఈ లెక్కన మనం చేరేసరికి షాపులో మందులన్నీ ఎక్స్‌పైర్ అయిపోతాయి వదినగారూ అంది. జవాబు నాలుక చివరే ఉంది. చెప్పడానికి ఊపిరి లేదు. జీవితంలో ఇంత అవమానం ఎరగను.

ఇక్కడ రాసుకుంటున్నాను: ఆవిడ మాత్రం లేడిపిల్లా?

మార్చి 27

అసలు సంగతి ఇవాళ బయటపడింది. నా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అద్దెకిచ్చేద్దాం, నువ్విక్కడే ఉండిపో అమ్మా అంది అమ్మాయి. అల్లుడి ఆఫీసులో ఎవరో ఇల్లు వెతుకుతున్నారట. గుండె కోసేటప్పుడైనా మత్తిచ్చారు.

నా పుస్తకాలు, నా కిటికీ, నాతో నేను పోట్లాడుకునే నా వంటిల్లు. ఇక్కడ నాకున్నది మనవరాలి మంచంలో సగం. ఆ పిల్ల నిద్రలో తంతుంది, అదీ కుట్లున్న కాలి మీదే.

కుదరదన్నాను. అమ్మాయి ఏడ్చింది. ఆ మెట్ల మీదే కదమ్మా కూలబడ్డావు, పక్కింటాయన చూడకపోతే ఏమయ్యేది అంది. నిజమే. నిజానికి ఎదురు చెప్పడం కష్టం.

చివరికి ఒప్పందం. మే నెలాఖరులోగా డాక్టర్ చెప్పినంత బరువు తగ్గాలి. మూడంతస్తులూ ఎక్కడా ఆగకుండా ఎక్కాలి. ఎక్కితే ఇల్లు నాది. ఆగితే అద్దెకు. సాక్షిగా కూర్చున్న వియ్యపురాలు నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగింది. పొలమారింది.

ఏప్రిల్ 2

విసుగు.

ఏప్రిల్ 17

నేను ఉడికిన బీన్స్ నములుతుంటే, ఎదురుగా కూర్చుని ఆవిడ వేపుడు కరకరలాడిస్తుంది. వాసన చూస్తే బరువు పెరగరులెండి అంటుంది. గడ్డి మేసే గొడ్డుకైనా నెమరు వేసుకునే సుఖం ఉంది.

బట్టలన్నీ వదులైపోయాయి. అడగకుండానే తీసుకెళ్ళి, పక్కలు బిగించి కుట్టింది. తగ్గింది ఒళ్ళే గానీ నోరు కాదు వదినగారూ అంది. సూదిలో దారం ఎక్కక అవస్థ పడుతుంటే నేనే ఎక్కించి ఇచ్చాను. ఇద్దరం థాంక్స్ చెప్పుకోలేదు.

మే 3

మెడికల్ షాపు దాటి పోస్టాఫీసు దాకా. నేను ఆగలేదు. ఆవిడే ఆగింది. చెప్పు తెగిందంది. చెప్పు బాగానే ఉంది.

మే 21, ఉదయం

ఇవాళే పరీక్ష. డాక్టర్ చెప్పిన అంకె చూపించింది మిషన్. దిగి మళ్ళీ ఎక్కినా అదే. సంతోషించడానికి కూడా ఓపిక ఉండాలి.

అదే రోజు, సాయంత్రం

అమ్మాయి ముందే వెళ్ళి పైన నా తలుపు దగ్గర నిలబడింది. నేనూ మా కాపలా ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి అంతస్తు దాటాం. మాట్లాడకుండా ఎక్కాలి, నాకు కష్టమంతా అదే. రెండో అంతస్తు కూడా దాటి నాలుగు మెట్లెక్కాక వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది.

తిరిగి చూస్తే ఆవిడ మెట్టు మీద కూర్చుని ఉంది. ముఖమంతా చెమట. చెయ్యి దవడ మీద. ఏం లేదు, గ్యాస్, మీరు పదండి వదినగారూ, ఆగారంటే ఇల్లు పోతుంది అంది.

నా తలుపు కనిపిస్తోంది.

నాకూ మొదట గ్యాసే. సోడా తాగి పడుకున్నాను. ఆ గ్యాస్‌నే తర్వాత సర్జన్ ఛాతీ కోసి తీశాడు.

దిగాను. పక్కన కూర్చుని అమ్మాయిని కేకేశాను. నా గొంతు ఇంకా అంత ఉందని నాకే తెలియదు. అంబులెన్స్ వచ్చేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు, తిట్టడమూ మానలేదు. ఒక్క పూటైనా ఎదుటివాళ్ళ మాట వినరేం మీరు అంది. నోరు మూసుకుని ఊపిరి దాచుకోండి అన్నాను.

మే 24

ఒక నాళం దాదాపు మూసుకుపోయిందట. స్టెంట్ వేశారు. గండం గడిచింది.

ఆవిడ మంచం పక్కనే అమ్మాయి నెమ్మదిగా ఇంటి మాట కదిపింది. చూశావుగా అమ్మా, ఇలాంటిది నువ్వొక్కదానివే ఉన్నప్పుడు వస్తే? అయినా మెట్ల మీద ఆగావు కదా అంది. అలసిపోయాను. పోతే పోనీ అనిపించింది కూడా.

అప్పుడు కళ్ళు తెరవకుండానే మా వియ్యపురాలు, ఆవిడ ఎక్కడాగిందమ్మాయ్, దిగింది, దిగడం వేరు ఆగడం వేరు, నేను సాక్షిని, తాళాలిచ్చెయ్ అని, కౌంటర్లో పిలిచినట్టు నెక్స్ట్ అంది.

నా దగ్గర చదువుకున్నవాళ్ళలో క్రియల తేడా ఇంత చక్కగా పట్టుకున్నవాళ్ళు లేరు.

జూన్ 8

అల్లుడు సామాను ముందే చేర్చాడు. ఆవిడకింకా మెట్లు వద్దన్నారు, ఒక్కదాన్నే ఎక్కాను. ఎక్కడా ఆగలేదు. తలుపు తీసి, చూశారా వదినగారూ అని వెనక్కి తిరిగాను.