పొట్టి సమాధులు

ఆదివారం రాత్రి, మోక గ్రామం

కాలువ నీళ్ళు వచ్చాక ఊళ్ళో డబ్బూ సారాయీ పెరిగాయి, అందుకే దేవుడు మునుపటికంటే ఎక్కువమంది ముసలివాళ్ళను తీసుకుపోతున్నాడని ఏడాదిగా చర్చిలో ప్రసంగిస్తున్నాను. అది విని మా అమ్మ తన ఆయాసం కూడా శిక్షేననుకుంది. డాక్టరిచ్చిన మందు మానేసింది.

ఈ రోజు అందరం సమాధులకు సున్నం కొడుతుంటే మళ్ళీ అదే మాట అన్నాను. ముసలి రూతమ్మ కుంచె ఆపి నవ్వింది.

"మీ తాత కాలంలో ముసలోళ్ళు యాడుండ్రప్పా? ఆ పాత వరస చూడు, అన్నీ పొట్టివే. కలరా వస్తే పిల్లప్పుడే పోతాండ్రి. ఇప్పుడు బతికి ముసలోళ్ళయి పోతాండారు. దాంట్లో పాపమేముండాది?"

చూశాను. ఆ వరసలో దాదాపు అన్నీ పసివాళ్ళ సమాధులే. ఇన్నేళ్ళూ వాటి మధ్యే నిలబడి ప్రార్థన చేశాను.

ఇంటికొచ్చి, నేను చెప్పింది తప్పని, ఆయాసం మందు మళ్ళీ వేసుకోమని అమ్మను బతిమాలాను.

"బైబిలు చేతిలో పట్టుకొని చెప్తివి కద నాయనా. ఇప్పుడు నా మీద ప్రేమకొద్దీ అబద్ధమాడొద్దు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఊరంతటినీ భయపెట్టిన గొంతు నాది. ఒక్క అమ్మ భయం తీర్చడం దానికి చేతకాలేదు. పక్కగదిలో ఆయాసం పెరుగుతోంది, ప్రభువా...