తొంభై ఏడు

అలింగ్‌డెన్, కెంట్
1912 జూన్ 10, సోమవారం

ప్రియమైన ఫీబీకి,

నాయనమ్మ దీవెనలు. మోకాళ్ళు తప్ప ఇక్కడ అంతా కులాసా.

శనివారం మన క్రికెట్ మైదానంలో కొత్త పెవిలియన్ ప్రారంభానికని నువ్వు రాసిన కల్నల్ ట్రెహెర్న్ గారి జీవితచరిత్ర చదివాను. చేతిరాత ముచ్చటగా ఉంది. "సైన్యం ఆయనకు పెళ్ళి చేసుకునే తీరిక ఇవ్వలేదు" అన్న వాక్యం మాత్రం కొట్టెయ్యి. సైన్యం సెలవులు బాగానే ఇచ్చింది. ఆ సెలవులన్నీ ఆయన బ్యాటు పట్టుకుని తిరిగితే అది సైన్యం తప్పు కాదు.

1871 నాటి మ్యాచ్ గురించి అడిగావు. అప్పటి మనిషిని 'అతను' అనే రాస్తాను. కెప్టెన్ హంఫ్రీ ట్రెహెర్న్, నాకంటే మూడేళ్ళే పెద్ద. ఆ రోజుల్లో మైదానంలో ఆడవాళ్ళకి రెండే పనులు, రొట్టె కోయడం, స్కోరు రాయడం. నేను కోస్తే రొట్టె వంకరపోతుందని మా అమ్మ నాకు పుస్తకం ఇచ్చింది.

జూలై నెల, శనివారం. గురువారం అతని రెజిమెంటు ఇండియాకు ఓడ ఎక్కాలి. భోజనాల వేళ మాంసం పళ్ళెం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. పళ్ళెం ఎక్కడ పెట్టాలో తోచక నా స్కోరు పుస్తకం మీదే పెట్టాడు.

"మిస్ అగస్టా, నేను తిరిగొచ్చేదాకా ఆగుతారా? మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది."

నాకు ఇరవై ఒకటి. నాలుక మాత్రం అప్పటికే ముదిరిపోయింది.

"ముందు వంద కొట్టి రండి కెప్టెన్ గారూ. అప్పుడడగండి, చూద్దాం."

సరేనని చెప్పడానికి అదే నా పద్ధతి. ఊళ్ళో ఏ ఆడపిల్లకైనా అర్థమయ్యేది. అతను దాన్ని పై అధికారి ఉత్తర్వులా తీసుకుని, పళ్ళెం ముట్టకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం నా పుస్తకంలో అతని పేరున తొంభై ఏడు. బంతి బ్యాటు అంచుని రాసుకుంటూ వెళ్ళి కీపర్ చేతుల్లో పడింది. అంపైరు కమ్మరి జప్‌కి సమ్మెట మోతతో చెవులు సగం పోయాయి. అవుట్ కాదన్నాడు. కానీ సరదాకి ఆడే పెద్దమనుషులకి ఒక నియమం ఉంది. తగిలిందని నీకు తెలిస్తే అంపైరు కోసం ఆగకూడదు. అతను బ్యాటు చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి దొరా? నేనింకా వేలెత్తందే!" అని అరిచాడు జప్.

తగిలిందని అతనే ఒప్పుకున్నాడు. నా బల్ల దగ్గర ఆగి, "ఎన్ని?" అని అడిగాడు. ఆడేవాడు తన పరుగులు తాను లెక్కపెట్టుకోవడం కూడా వాళ్ళలో మర్యాద కాదు. తొంభై ఏడని చెప్పాను. మా నాన్న పక్కనుంచి, మూడు పరుగుల ముందే నిజాయితీ పుట్టుకురావాలా ఈయనకి అని సణిగాడు. నేను పెన్సిల్ చెక్కుకుంటూ, ఇప్పుడైనా అడుగుతాడని చూశాను. మాట మాటే, వంద కాలేదు కనక అడిగే హక్కు పోయిందనుకున్నాడతను. కావాలనుకున్నవాడికి మూడు పరుగులు అడ్డమా అనుకున్నాను నేను. గురువారం ఓడ వెళ్ళిపోయింది.

మిగతాది నువ్వు రాసిందే. పంతొమ్మిదేళ్ళు ఇండియాలో, ఆఫ్ఘన్ యుద్ధంలో మోకాలికి తూటా, ఇప్పుడు సముద్రం ఒడ్డున డీల్ ఊళ్ళో చెల్లెలి ఇల్లు. ఏటా క్రిస్మస్‌కి చర్చి ఫాదర్ గారికి ఉత్తరం రాసేవాడు. ఆయన దాన్ని అందరికీ చదివి వినిపిస్తుంటే నేను అల్లిక పట్టుకుని కూర్చునేదాన్ని. ఆ చలికాలాల్లో నేనల్లిన మేజోళ్ళు ఏ కాలికీ పట్టలేదు. మీ తాతగారు మంచి మనిషి. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ ఇప్పటికీ జూలైలో కంచె అవతల బంతి తగిలిన చప్పుడైతే, చేతిలో పని ఆగిపోతుంది ఫీబీ.

"జీవితంలో ఒక్క శతకమూ చేయలేదు" అని రాశావే, ఆ చోటు బుధవారం దాకా ఖాళీగా ఉంచు.

నీ నాయనమ్మ,
అగస్టా పెన్‌ఫోల్డ్

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. మ్యాచ్ మర్నాడు, ఆదివారం చర్చి నుంచి వస్తుంటే మిల్లు నడిపే హనీసెట్ దారిలో ఆపాడు. అవతలి కొసన కెప్టెన్‌కి జోడీగా ఆడింది అతనే. "నేను కొట్టింది ఒక్క నాలుగే కదమ్మా, నా పేరున ఏడు రాశారేంటి?" అన్నాడు. ఇంటికెళ్ళి పుస్తకం చూశాను. భోజనాల తర్వాత కెప్టెన్ తీసిన మూడు పరుగులు నేను హనీసెట్ గడిలో వేశాను. అప్పుడు నా కళ్ళు పుస్తకం మీద లేవు. కెప్టెన్ వంద కొట్టే వెళ్ళాడు. ఓడకి ఇంకా నాలుగు రోజులుంది, అతనున్న ఇల్లు రెండు పొలాల అవతల. తనంతట తానే మళ్ళీ అడగాలని బెట్టు చేసి కూర్చున్నాను. నలభై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను.

పుస్తకం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. బుధవారం పొద్దున్నే రైల్లో డీల్ వెళ్ళు. చెల్లెలి చేతికి కాదు, ఆయన చేతికే ఇవ్వు. పేజీలో నీలం ఊలు దారం పెట్టాను. కళ్ళజోడు వెతుక్కునేదాకా ఓపిక పట్టు. వచ్చేటప్పుడు రేవులో అరడజను హెర్రింగ్ చేపలు తీసుకురా, కళ్ళు మెరుస్తున్నవే ఏరుకో. ఆయన నా గురించి అడిగితే, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటానని చెప్పు.

అడగకపోయినా చెప్పు.