గాలిచేత, గాలిని

చిత్తూరు,
1947 మే 14.

నాయనగారికి పంకజాక్షి నమస్కరించి రాసుకునేది. నా ఆరోగ్యం బాగుంది. అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి మీరు రాయలేదు, ఈసారి తప్పక రాయండి. ఇక్కడ బావిలో బొక్కెన మునగడం లేదు.

ఆసుపత్రిలో నేను చూసుకునే మందుల గదిలోని చలిపెట్టె ఎట్లా పనిచేస్తుందని అడిగారు. లోపలి గొట్టాల్లో ఒక ద్రవం ఆవిరవుతూ పెట్టెలోని వేడిని పీల్చుకుంటుంది. మోటారు ఆ ఆవిరిని అదిమి, వెనకవైపు చుట్టలు చుట్టిన గొట్టాల్లోకి తోస్తుంది. అక్కడ వేడి బయటికి పోతే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. చెన్నపట్నం మంచు ఫ్యాక్టరీల్లో ఆ వేడిని నీళ్లు మోసుకుపోతాయి. మా పెట్టెకు ఒక పంకా, దాని గాలి చాలు. అందుకే మనలాంటి నీటికరువు ఊళ్లలో, ఆసుపత్రులకూ హోటళ్లకూ ఇలాంటివే కొంటారు.

గత వారం అది ఆగిపోయింది. ధనుర్వాతానికి వేసే మందు పాడైందని డాక్టరుగారు పారబోయించారు. కిటికీలు మూసినందుకు నౌకరు దొరస్వామిని పనిలోనుంచి తీసేశారు.

నాయనా, ఇంతవరకు ఊరందరికీ తెలుసు. మిగతాది నేను దాచాను.

యంత్రంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో 'ఎయిర్ కూల్డ్' అని ఉంది. గాలిచేత చల్లబడేది అని. నేను తొందరలో 'గాలిని చల్లబరిచేది' అనుకున్నాను. చల్లగాలి పోకూడదని, 'కిటికీలు మూసి ఉంచవలెను' అని పలక మీద రాసి, చదువురాని దొరస్వామికి వినిపించాను. గది కొలిమిలా ఉందని, ఒక రెక్క తెరుస్తానని అతను రెండుసార్లు అడిగాడు. వద్దన్నాను. పెట్టె వదిలిన వేడి గదిలోనే తిరిగి తిరిగి మోటారు కాలిపోయింది.

డాక్టరుగారు విచారించే ముందే పలక తుడిచేశాను. నేను రాసి చెప్పినందుకే మూశానని దొరస్వామి ఆయనతో అన్నాడు.

"బి.ఏ. చదివిన పిల్ల అట్లా రాస్తాదా?" అని ఆయన దొరస్వామిని కసిరారు. అతను నావైపు తిరిగాడు.

"నువ్వే చెప్పు తల్లీ. మూయమని నువ్వు చెప్పలేదా?"

"నాకు గుర్తులేదు" అన్నాను.

అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

రేపు పొద్దున డాక్టరుగారికి అంతా చెబుతాను. నా ఉద్యోగం పోతుంది. అతనిది తిరిగి వస్తుందో లేదో తెలియదు. నా ధైర్యం మీద నాకు నమ్మకం లేదు, అందుకే ఈ ఉత్తరం ఈ సాయంత్రమే డబ్బాలో వేస్తున్నాను. మీకు తెలిసిపోయాక ఇక తప్పించుకోలేను.

ఇట్లు,
మీ ముఖం చూడటానికి జంకుతున్న కూతురు,
పంకజాక్షి