సరోజ పరిచిన చాప

శుక్రవారం, రాత్రి

ఆయన పోయి పదిహేను రోజులు. ఆనవాయితీ ప్రకారం తమ్ముడు నిన్న నన్ను జల్‌పల్లిలో వాళ్లింటికి నిద్రకు తీసుకెళ్లాడు. పుట్టింటివాళ్ల దగ్గర ఒక రాత్రి పడుకుంటే దుఃఖం తగ్గుతుందంటారు. ఇవాళ తెల్లవారుజామున నాలుగింటికే మరదలు తట్టి లేపింది.

"వదినా, ఆటో వచ్చింది. కొత్త కోడలు లేస్తది. పొద్దుగాల్నే నీ మొకం చూస్తే మంచిగుండదు."

లోపల తమ్ముడి దగ్గు వినిపించింది. మనిషి మాత్రం బయటికి రాలేదు. ఛీ, ఇదేం తోడు!

మా గల్లీలో దిగేసరికి పక్కింటి సరోజ వాకిలి ఊడుస్తోంది. తన భర్త పోయి రెండేళ్లు. ఏమీ అడగకుండా లోపలికి తీసుకెళ్లి, చాయ్ ఇచ్చి చాప పరిచింది.

"పండుకో అక్కా. నన్ను గూడ గిట్లనే ఎల్లగొట్టిండ్రు."

తర్వాత నవ్వింది. "నువ్వు గుడికి పోయే యాళ్లకు నేను తలుపేసుకుంటుంటి, యాదికున్నదా? నేను ఎదురొస్తే నువ్వు ఎనుకకు తిరిగి పోతుంటివి గద."

యాదికి లేదన్నాను. అబద్ధం.

ఆ చాప మీదే, ఇన్నాళ్లకు, కంటినిండా నిద్రపోయాను. ఇప్పుడు మరదలిని తిట్టుకుందామంటే నా మొహమే కళ్లముందుకొచ్చి రోత పుడుతోంది.