ఇప్పచెట్టు కింద చీరలు

మన తండా,
బూర్గంపాడు మండలం.

బలరాంకు,

నీ కళ్యాణి రాస్తున్నది. ఇంట్లో అత్త, నేను, మేకలు, అందరం బాగున్నాం. నువ్వు కూడా ఆ బొగ్గు దుమ్ములో దగ్గు తెచ్చుకోకుండా, వేళకు తింటూ బాగున్నావని అనుకుంటున్నాను. పేరు పెట్టి రాశానని నవ్వకు. నోటితో అంటే అత్త ఊరుకోదు, కాగితం మీద ఎన్నిసార్లు పిలుచుకున్నా అడిగేవాళ్లు లేరు. ఫోనులో మాట్లాడదామంటే మిట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ రాదు, ఎక్కితే తండా సగం అక్కడే కూర్చొని ఉంటుంది.

నువ్వు పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. మొదటిది సత్తుపల్లిలో గది సంగతి. ఉగాది తర్వాత ఖాళీ అవుతుందట, కిరాయి మాట్లాడమంటావా, నువ్వు వస్తావా రావా అని తేల్చి చెప్పమన్నావు. పోయిన ఏడాది మన బిడ్డ కడుపులోనే పోయినప్పుడు నువ్వు గనిలో డంపర్ మీద ఉన్నావు. కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఆ బాధ నీలో ఇంకా తగ్గలేదు, అందుకే నన్ను దగ్గరికి తెచ్చుకోవాలని చూస్తున్నావు. నాకు తెలుసు. నీకు జవాబు ఈ ఉత్తరంలోనే ఉంటుంది, కాని కొంచెం ఓపిక పట్టు. ధైర్యం కూడదీసుకుని రాయాల్సిన మాట అది.

రెండోది సులువు. గని గేటు దగ్గర ‘ఆవిష్కరణల పోటీ’ అని బోర్డు పెడితే ఆ మాటకు అర్థమేంటని మీ డ్రైవర్లంతా టీ కొట్టు దగ్గర వాదించుకున్నారా? పదో తరగతిలో తెలుగులో ఫస్టు వచ్చింది మా ఇంటిదేనని గొప్పలకు పోయి నన్ను అడిగావు. సరే, రాసుకో. ఇంతవరకు లేనిదాన్ని తెలివితో కనిపెట్టడం ఆవిష్కరణ. దానికి చుట్టాల్లాంటి మాటలు చాలా ఉన్నాయి. తలలో ఉన్నంతసేపు యుక్తి, ఉపాయం. చేతిలోకి వస్తే సాధనం, పరికరం. తిరిగితే యంత్రం. చేసినవాడు చెప్పకుండా దాచుకుంటే కిటుకు. అత్తను అడిగితే హికమతు అంది. మీ చిన్నాన్న కొడుకు జుగాడు అన్నాడు. ఇన్ని మాటలున్నా నేను చేసినదాన్ని మన బద్యా తాత ఏమన్నాడో వింటే మీ డ్రైవర్లు వాదన మానేస్తారు.

మన చేను గట్టు మీది ఇప్పచెట్టు ఈసారి విరగబూసింది. పూలు ఏరాలంటే ఎప్పటిలా కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేయాలి, తర్వాత పొద్దెక్కేదాకా వంగి ఒక్కొక్కటే ఏరాలి. నేను కాల్చలేదు, వంగలేదు. నాలుగు పాత చీరలు కలిపి కుట్టాను. చెట్టు చుట్టూ వెదురు కర్రలు పాతి నడుము ఎత్తున వాటిని కట్టాను. ఒక పక్క జారుగా వదిలి, అక్కడ బండ మీద గంప పెట్టాను. రాలిన పూలు చీర మీద పడి, దొర్లి, గంపలోకి దిగుతాయి.

తెల్లవారుతుండగా వెళ్లి ఆ బండ పక్కన కూర్చుంటాను. గోదారి వైపు నుంచి మంచు వచ్చి చెట్టు సగం కనిపించదు. పైనుంచి పువ్వు ఎప్పుడు వదులుతుందో తెలియదు, చీర మీద పడ్డప్పుడు మాత్రం చిన్న చప్పుడు. నా పెళ్లి నాటి పచ్చ చీర కూడా అందులో ఉంది. తీపి వాసనకు కళ్లు మూతలు పడతాయి. నేను నిద్రలో ఉన్నానో, చెట్టు నిద్రలో ఉండి నేను దాని కలలో ఉన్నానో తెలియనట్టుంటుంది. ఆ కాసేపు నాకు ఏ భయమూ ఉండదు.

మూడో రోజు బద్యా తాత మేకలతో అటు వచ్చాడు. చీరలు చూసి చెప్పులు విడిచి దండం పెట్టాడు.

“మంచి పని చేసినవ్ బిడ్డా. మేరామ తల్లికి మొక్కుకున్నవా?”

“లే తాతా, పూలు ఏరనీకి కట్టిన.”

“అవ్, గట్లనే అనాలె. మొక్కు బయటికి చెప్పొద్దు.”

ఇక నేను కాదన్నకొద్దీ మొక్కు గట్టిపడింది. మన తండాలో బిడ్డ నిలవని ఆడది చెట్టుకు బట్ట కడితే ఇంకేమనుకుంటారు? మధ్యాహ్నానికి కర్రలకు పసుపు, కుంకుమ. ఒకామె గాజులు కట్టింది, ఒకామె బెల్లం పెట్టింది. నా గంపలో పూలు నేనే తీసుకోబోతే, “దేవుని పూలు, ముట్టకు” అని నన్నే కసిరారు. నవ్వు ఆపుకోలేక ఇంటికి వచ్చేశాను. వచ్చాక ఏడుపు వచ్చింది.

అత్త అరుగు మీద చింతపండు పిసుకుతోంది. కర్రల పసుపు కడిగేసి వస్తానని లేచాను. తల ఎత్తకుండానే మన లంబాడీ భాషలో అంది, దానికి రాత లేదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను:

“ఉండనియ్. ఎన్నో నెల?”

నేను కొంగు కడుపు మీదికి లాక్కున్నాను.

“చీపురుకు పొడుగు కట్టె కట్టినవ్. పొయ్యి కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసినవ్. ఇప్పుడు చెట్టుకు చీరలు. వంగకుండ ఉండెటందుకు ఇన్ని హికమతులు జేస్తుంటె నాకు ఎర్కగాదా? చేతులు కడుక్కోని వచ్చి కూసో.”

నాలుగో నెల నడుస్తోంది, బలరాం.

సబ్‌సెంటర్‌లో సునంద సిస్టర్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈసారి వంగొద్దు, బరువు ఎత్తొద్దు అని ఆమె గట్టిగా చెప్పింది. నీకు ముందే చెప్పాల్సింది. పోయినసారి రెండో నెలలోనే చెప్పాను, నువ్వు గనిలో అందరికీ స్వీట్లు పంచావు. తర్వాత వాళ్లందరికీ ఒక్కొక్కరికి లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ పని నీతో మళ్లీ చేయించడం నాకు ఇష్టం లేకపోయింది. కోపం వస్తే రానీ, ఇంటికి వచ్చి తిట్టు.

గది వద్దు. అంత దూరం బస్సు కుదుపుల్లో నేను రాను. ఇక్కడ సునంద సిస్టర్ ఉంది, నది దాటితే భద్రాచలం దవాఖానా ఉంది, అత్త ఉంది. మణుగూరు వైపు డ్రైవర్ పని దొరుకుతుందేమో అడుగు. అక్కడైతే డ్యూటీ దిగి రాత్రికి ఇల్లు చేరొచ్చు. జీతం కొంత తగ్గినా నేను అడగను. దొరకకపోతే సెలవు పెట్టి రా.

మొక్కుకున్నావా అని తాత అడిగితే కాదన్నాను. అప్పుడు అది నిజమే. ఇప్పుడు మాత్రం పొద్దున్నే అక్కడ కూర్చున్నప్పుడు చేతులు వాటంతట అవే దండం పెడుతున్నాయి. ఊడవడానికి, వండడానికి, పూలు ఏరడానికి అన్నిటికీ ఏదో ఒకటి కనిపెట్టుకున్నాను. కడుపులో కొంచెం పట్టేసినట్టయితే చాలు, చల్లచెమట పోసి గోడ పట్టుకుని నిలబడిపోతున్నాను. దానికి మాత్రం నాకు ఏ ఉపాయమూ తోచలేదు. ఆ వేళకు నీ చెయ్యి కావాలి.

ఇట్లు,
నీ రాకకు వాకిలి తెరిచి ఉంచిన
నీ ఇల్లాలు
కళ్యాణి