రేసు బండికి ముందు కాళ్ళు

4వ తేదీ, గురువారం

గౌరవనీయులైన వదినగారికి మీ మరదలు నమస్కరించి రాయునది.

ఈరోజు పనులు: ఉతికినవి పంతొమ్మిది, అందులో దుప్పట్లు నాలుగు. కుట్టిన గుండీలు మూడు. తుడిచిన కిటికీలు అయిదు, ఆరోది తెరుచుకోలేదు. మిగిలిన అరగంట మీది.

ముఖ్య విషయం. పెద్దాయనకి ముందు కాళ్ళు మార్పిస్తున్నాను. రెండింటిలోంచీ నూనెలా కారుతోంది. కిందికి నొక్కితే నొక్కినట్టే ఉండిపోతున్నాయి, తిరిగి లేవడం లేదు. కుడిది కాస్త వంకర కూడా. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ, అంటే ఇరవై ఆరేళ్ళుగా, ఆ దుప్పటి నెలకోసారి ఉతికి కప్పుతున్నానే గాని, కింద ఏముందో వంగి చూడలేదు. మొన్న చూశాను. చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

మీ తమ్ముడి ధోరణి వేరు. "చోటు దండగే. ఇరవై ఎనిమిదిన మనిషి వచ్చి తీసుకుపోతాడు, మాటిచ్చేశాను" అన్నారు. నేను పట్టుబడితే చివరికి ఒక షరతు పెట్టారు. ఆ ఆదివారంలోగా తన కాళ్ళ మీద తను నిలబడి, వీధి చివరిదాకా వెళ్ళి వస్తే ఇంట్లో ఉంచుకోవచ్చు. లేకపోతే పంపించేయడమే.

ఇట్లు,
మీ మరదలు

తా.క. అసలు కాళ్ళు ఇప్పుడెవరూ చెయ్యడం లేదట. బయటివి తెప్పించాను.

---

8వ తేదీ, సోమవారం

మరదలికి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అందినప్పటినుంచీ నాకు కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు, లేస్తే కూర్చోబుద్ధి కావడం లేదు.

ఈ వయసులో కాళ్ళు మార్చడమేమిటమ్మా? డాక్టరుకి సరిగ్గా చూపించారా? పెద్దాయన తింటున్నారా? రాత్రిళ్ళు మూలుగుతున్నారా? నన్ను ఎక్కించుకొని ఊరంతా తిప్పిన ప్రాణం అది. చోటు దండగ అని మా తమ్ముడి నోట ఎలా వచ్చింది?

ఇంకొక సందేహం. "ముందు కాళ్ళు" అన్నావు. ముందు కాళ్ళయితే, తరువాత ఏం మారుస్తారు?

వెంటనే జవాబు రాయి.

నీ మేలు కోరే,
వదిన

తా.క. బయటివి అంటే, ఎవరివి?

---

12వ తేదీ, శుక్రవారం

వదినగారికి నమస్కారాలు.

ఈరోజు పనులు: తోమిన గిన్నెలు ముప్ఫై ఒకటి, ఇస్త్రీ ఎనిమిది చొక్కాలు, బూజు దులిపిన గదులు రెండు.

మీ ఉత్తరం చదివి ఎంత నవ్వుకున్నానో! మీరు ఇంత సరదా మనిషని తెలియదు. నేనూ మీ బాణీలోనే జవాబిస్తాను. పెద్దాయనకి తిండి ఎక్కువే, కదలకపోయినా సరే. మూలుగు కాదు, గట్టిగా దగ్గు, ఆ వెంట నల్లటి పొగ. మిమ్మల్ని కూడా ఎక్కించుకున్నారా! ఈయన ఎప్పుడూ చెప్పలేదే.

డాక్టరుగారు వీధి చివరే. ఖాకీ బట్టలు, మోచేతులదాకా నల్లటి చేతులు. అయినా హస్తవాసి మంచిది. ముందుగా నడుముకి తాడు కట్టి దూలానికి వేలాడదీశారు. తరువాత రెండు కాళ్ళూ ఒకేసారి లాగేశారు. కుడిది రాలేదు, సుత్తి వాడారు. దాన్ని గాజు బల్ల మీద దొర్లిస్తే కిందనుంచి వెలుతురు కనిపించింది. అంటే వంకర ఉన్నట్టే. కొత్తవి పన్నెండు మిల్లీమీటర్లు పొడుగు. "పైకి తోసి బిగిస్తే సరిపోతుందమ్మా" అన్నారు. ఒక్కో కాలికి నాలుగు వందల ఎనభై మిల్లీలీటర్ల నూనె. నా వంటింటి కొలగిన్నెతో నేనే పోశాను.

వెనకవైపు ఇంకా గట్టిగానే ఉంది. కాబట్టి మీ సందేహానికి జవాబు: తరువాత ఏమీ మార్చం.

ఇట్లు,
మీ మరదలు

తా.క. మూడు రోజులుగా దూలానికే వేలాడుతున్నారు. వర్షం వస్తే పైన పట్టా కప్పుతున్నాం.

---

16వ తేదీ, మంగళవారం

అమ్మాయ్,

దీవించడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్ళజోడు మార్చి నాలుగోసారి చదివాను. మీ అన్నయ్యగారికి చదివి వినిపిస్తే ఆయన తన మోకాళ్ళు పట్టుకొని గోడవైపు తిరిగి పడుకున్నారు.

నన్ను కన్న తండ్రి నడుముకి తాడా? సుత్తా? డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని దూలానికి కట్టి పట్టా కప్పుతారా? మా అమ్మ పోయాక మమ్మల్నిద్దరినీ కంటికి రెప్పలా చూసుకున్న మనిషి ఆయన! ఇరవై ఏడున నేను వస్తున్నాను. అంతవరకు నాన్నకి ఉన్న కాళ్ళు ఉన్నట్టే ఉంచండి. తీసేసినవి పారెయ్యకండి.

వదిన

తా.క. అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను. ఆ నూనె వేడిచేసి పోశావా, చల్లగానే పోశావా?

---

19వ తేదీ, శుక్రవారం

వదినగారికి సాష్టాంగ నమస్కారాలు.

ఈరోజు పనులు ఏమీ కాలేదు. నవ్వడంతోనే సరిపోయింది. క్షమించాలి.

వదినగారూ, పెద్దాయన అంటే మోటారు సైకిల్! మీ తమ్ముడి పాత రేసు బండి. మీరు అత్తవారింటికి వెళ్ళాక పడ్డ పేరది. మీకు తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. కాళ్ళంటే దాని ముందు చక్రాన్ని పట్టుకొని ఉండే ఫోర్కులు. డాక్టరంటే మెకానిక్కు. మీ ఉత్తరం మామయ్యగారికి చదివి వినిపించాను. ఆయన పంచె కాస్త పైకి లాగి చూసుకొని, "రెండే. లెక్క సరిపోయింది. అదీ ఇదీ రాయకుండా అలాగే రాయమ్మా" అన్నారు.

ఇక నా సందేహం. ఫోర్కులు విప్పేటప్పుడు హెడ్‌లైటు వెనక తెగిన తీగలు మూడు కనబడ్డాయి. వాటిని ఎవరో జడలాగా మూడు పాయలుగా అల్లి, చివర నల్లటి తలపిన్ను దోపారు. "ఇలా తీగలు అల్లిన మెకానిక్కుని నేనింతవరకు చూడలేదమ్మా" అన్నారు మన డాక్టరుగారే. పిన్ను ఎవరిదని మీ తమ్ముణ్ణి అడిగాను. చెవులు ఎర్రబడ్డాయి. మొక్కలకి నీళ్ళు పోసే వంకతో బయటికి వెళ్ళి ఒకే కుండీకి మూడుసార్లు పోశారు.

ఆయన బండిని ఎందుకు వదిలించుకోవాలనుకుంటున్నారో మీకు చెప్పాలి. పెళ్ళికి ముందు ఏడాది మన ప్రహరీ గోడని గుద్దారట. ఇప్పటికీ అన్నం దగ్గర ఏ మాట వచ్చినా మామయ్యగారు, "వాడా? నిలబడ్డ గోడ కనబడనివాడికి ఇది కనబడుతుందా?" అంటారు. ఈయన తలొంచుకొని తింటారు. బండి ఎదురుగా ఉన్నంతకాలం ఆ మాట పోదని ఆయన బాధ. నా ఆలోచన వేరు. బండి నడిస్తే ఆ మాట ఆగుతుందేమో. ఇక తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఉన్నదున్నట్టు చెప్పండి. పెళ్ళికి ముందు ఆయన వెనక ఎవరైనా కూర్చునేవారా? కోపమేమీ లేదు, తెలుసుకోవాలని అంతే.

ఇట్లు,
మీ మరదలు

తా.క. కోపం కొంచెం ఉంది.

తా.క. 2: నూనె చల్లగానే పోశాను.

---

24వ తేదీ, బుధవారం

మరదలికి దీవెనలు, వెనకటి ఉత్తరంలో బాకీ పడ్డవి కూడా కలిపి.

మా తమ్ముడు వట్టి అమాయకుడు. వాడి వెనక ఎవరూ కూర్చోలేదు. ఆ పిన్ను నాది. నేను వెనక కూర్చోలేదు. ముందు కూర్చున్నాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే తాళంచెవి తీశాను. చెరుకు తోటలదాకా వెళ్ళి వచ్చాను. ఎంత బాగా తోలానో చూసినవాళ్ళే లేరు. తిరిగి వచ్చి మన గేటులోకి మలుపు తీసుకునేటప్పుడు గేటుకి బదులు గోడలోకి తీసుకున్నాను. ఆ చప్పుడికి తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, దొడ్డిదారిన లోపలికి పో" అని నన్ను తోసేసి, చొక్కాకి మట్టి రుద్దుకొని బండి పక్కన కూలబడ్డాడు. నాన్న వచ్చి "నువ్వేనా?" అన్నారు. "నేనే" అన్నాడు.

నాకప్పుడు సంబంధం కుదిరి పది రోజులు. వాడన్న ఆ ఒక్క మాట మీద నేను ఇన్నేళ్ళు బుద్ధిమంతురాలిగా చలామణీ అయ్యాను. ఆ సాయంత్రం లైటయినా బాగుచేద్దామని తీగలు అల్లాను. వెలిగింది కూడా. ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

నువ్వు "ముందు కాళ్ళు" అని రాస్తే నాకు బండి తట్టకపోవడం వింత కాదు. దాన్ని తలుచుకోకుండా ఉండడం ఇరవై ఏడేళ్ళుగా సాధన చేశాను.

ఇరవై ఏడున రాను. ముఖం చెల్లడం లేదు. ఇది నాన్నకి చదువు. ఒక్క అక్షరం వదలకు.

వదిన

తా.క. పిన్ను పారెయ్యకు.

---

28వ తేదీ, ఆదివారం

వదినగారికి నమస్కారాలు.

ఈరోజు పనులు: వడ్డించిన విస్తళ్ళు మూడు, చదివిన ఉత్తరం ఒకటి, తుడుచుకున్న కళ్ళు చెప్పను.

పొద్దున్నే ఫోర్కుల చివరి బోల్టు బిగించారు. పెద్దాయన తాడు లేకుండా నిలబడ్డారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర మీ ఉత్తరం చదివాను. మీ తమ్ముడు మధ్యలో "చాలించవే" అన్నారు. నేను ఆపలేదు.

మామయ్యగారు విస్తరి పక్కకి జరిపారు. తరువాత నన్నే అడిగారు.

"తీగలు మూడు పాయలుగా అల్లిందా?"

"అవును మామయ్యగారూ."

"మూడు పాయలు వెయ్యడం దానికి నేర్పింది నేనే. వాళ్ళమ్మ పోయాక." ఆగి, మీ తమ్ముడి వైపు తిరిగారు. "ఏరా, నిలబడ్డ గోడ నీకు కనబడుతూనే ఉందన్నమాట. కనబడనిది నాకేనా?"

ఈయన మంచినీళ్ళు తాగారు.

"బండి తియ్యి."

"ఎక్కడికి నాన్నా?"

"వీధి చివరిదాకా. షరతు అదేగా?"

ఈయన ముందు, మామయ్యగారు వెనక. ఆయన ఎక్కగానే ముందు కాళ్ళు ముప్ఫై అయిదు మిల్లీమీటర్లు దిగాయి, టేపుతో కొలిచాను. అంతే దిగాలట. గేటులోంచి వెళ్ళారు, గేటులోంచే వచ్చారు. పాతసామాన్ల మనిషి అప్పటికే తన తోపుడు బండితో వచ్చి నిలబడ్డాడు. ఒట్టి చేతులతో పంపడం బాగుండదని పాత కాళ్ళు రెండూ ఇచ్చాం.

వచ్చే ఆదివారం మీరు రావాలి. ముందు సీటు ఎవరిదో మీరూ నేనూ తేల్చుకుందాం.

ఇట్లు,
మీ మరదలు

తా.క. తీగలకి కొత్త క్లిప్పు వేస్తానన్నారు మెకానిక్కు. వద్దన్నాను. మీ పిన్ను అక్కడే ఉంది. లైటు వెలుగుతోంది.

తా.క. 2: మామయ్యగారు లెక్కల పుస్తకం అడిగి తీసుకొని, తన చేత్తో ఒక వరస రాశారు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను: "అమ్మాయి పేరున, గోడ ఒకటి. చెల్లు."