నువ్వు దాచిన సగం నీళ్ళు

మార్చి 9, సోమవారం
ప్రయోగశాల, మూడో గది

వదినకు నమస్కారాలు.

నువ్వూ అన్నయ్యా కులాసాగా ఉన్నారనీ, పాప పరీక్షలు బాగా రాస్తోందనీ తలుస్తాను. ఇక్కడ అమ్మ మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. ఇంతవరకూ రాయడం తేలికే. ఆరేళ్ళుగా మనం ఫోనులో చెప్పుకున్నది కూడా ఇంతవరకే కదా. ఈసారి దీని తర్వాతది కూడా రాయాలి. అందుకే పొద్దుటి నుంచి టీ మీద టీ తాగుతూ కలం పట్టుకుని కూర్చున్నాను.

నాన్చితే నీకు ఒళ్ళు మండుతుంది కాబట్టి అసలు సంగతి ముందే చెప్పేస్తాను. చెరువు బాగుపడింది. నీ పథకం పనిచేసింది. తప్పు నీ ఆలోచనలో లేదు, నా సీసాల్లో ఉంది. ఈ నెల ఇరవయ్యో తేదీన చెరువుల కమిటీ కూర్చుంటోంది. ఆ రోజు పాత నివేదిక తప్పని చెబుతూ సవరణ ఇవ్వాలి. ఆ నివేదిక రాసింది నువ్వు గనక సవరణ మీద నీ సంతకం ఉండాలంటున్నారు. లేకపోతే నీ పేరు పక్కన ఆ ఓటమి అలాగే ఉండిపోతుంది, ఎగువ చెరువుకు నీ పద్ధతి వాడదామన్న మాట కూడా మూలన పడుతుంది. నువ్వు రావాలి వదినా. ఇది అడగడానికే ఈ ఉత్తరం.

ఎలా తెలిసిందో మొదటి నుంచి చెబుతాను. జనవరిలో ఒక పొద్దున పడవాయన మన గదికి వచ్చాడు. నువ్వు నమూనాలు తీస్తూ పడవ అంచు మీదకి వంగినప్పుడల్లా గొణిగేవాడే, ఆయన. తడి కాళ్ళతో తిన్నగా లోపలికి వచ్చి, చెరువు అడుగు కనిపిస్తోందమ్మా, ఒకసారి వచ్చి చూడండి అన్నాడు. నేను నమ్మలేదు. కళ్ళజోడు మార్పించుకోమన్నాను. ఆయన కదిలితేనా? నా బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మీరు ఎప్పుడు లేస్తే అప్పుడే వెళదాం, నాకేం తొందర లేదన్నాడు. ఆయన పోరు పడలేక తెల్లపళ్ళేన్ని బీరువా మీద నుంచి దింపి, దుమ్ము దులిపి, వెంట వెళ్ళాను.

ఆ పళ్ళెం తాడు కట్టి దించితే నీ రోజుల్లో మోచేతి లోతులోనే మాయమైపోయేది. నీళ్ళు అంత చిక్కగా, పచ్చగా ఉండేవి. ఆ రోజు తాడు వదులుతున్నాను, వదులుతున్నాను, పళ్ళెం కనిపిస్తూనే ఉంది. నడుము లోతు దాటింది. నా ఎత్తు దాటింది. చివరికి అడుగున పెరిగిన మొక్కల మీద వాలి ఆగిపోయింది, అప్పటికీ కనిపిస్తూనే ఉంది. ఆ మొక్కల మధ్య వేలెడంత చేపలు తిరుగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. పడవాయన అటు తిరిగి తెడ్డు సర్దుకుంటున్నట్టు నటించాడు, మంచివాడు.

కాలువ చెరువులో కలిసే చోట నువ్వు నాటించిన రెల్లు ఇప్పుడు మనిషిని దాచేంత ఎత్తు పెరిగింది. పథకం ఆపేశారు గానీ దాన్ని పీకించే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆ బద్ధకానికి చేతులెత్తి దండం పెట్టాలి. ఊరి మురుగంతా ఆ రెల్లులోంచి నెమ్మదిగా వడగట్టుకుని వస్తోంది. భాస్వరాన్ని పట్టి ఉంచడానికి చెరువు అడుగున నువ్వు చల్లించిన బంకమట్టి కూడా తన పని తాను చేసుకుపోయింది. మనమంతా చేతులు దులుపుకుని వెళ్ళిపోయాక అవి రెండే ఉద్యోగం మానలేదు.

మరి ఆనాడు ఏమైంది? నీళ్ళలో భాస్వరం ఎక్కువైతే పచ్చనాచు కమ్మేసి చెరువు ఊపిరాడక చస్తుందని కమిటీకి చెప్పి చెప్పి నీ గొంతు బొంగురుపోయింది. రెండేళ్ళు పనిచేశాక వాళ్ళు అడిగింది ఒక్కటే, భాస్వరం తగ్గిందా అని. నేనిచ్చిన అంకెల ప్రకారం ఇసుమంతైనా తగ్గలేదు. పళ్ళెం కాస్త లోతుకు కనిపిస్తోంది, భాస్వరం మాత్రం దిగడం లేదు, రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం చెబుతోందని నువ్వు నాతో అన్నావు. తర్వాత మెల్లిగా, సీసాలు కడగడంలో ఏమైనా తేడా వచ్చిందా అని అడిగావు. నేను ఎగిరిపడ్డాను. నా సీసాలు నీ ఇంట్లో గ్లాసులకన్నా శుభ్రంగా ఉంటాయన్నాను. వదినవైనంత మాత్రాన నా పనికి వంకలు పెడతావా అని కూడా అన్నాను. నువ్వు నా అంకెలనే నివేదికలో ఎక్కించావు. కమిటీ ముందు నిలబడి, నా పథకం విఫలమైందని నీ నోటితోనే చెప్పావు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చావు. నెలలోపే అన్నయ్య బదిలీ పెట్టించుకున్నాడు. ఇప్పుడు నువ్వు బడిపిల్లలకు నీటి చక్రం బొమ్మలు గీసి చూపిస్తున్నావని అమ్మ చెబితే, అది వినడానికి నాకు ఎంత కష్టంగా ఉంటుందో నీకు తెలియదు.

తేడా వచ్చింది వదినా. పథకం మొదలైన నాలుగో నెలలో సీసాలు కడిగే ఆసిడ్ అడుగంటింది. కొత్తది రావడానికి ఆలస్యమవుతుందన్నారు. సబ్బుపొడితో శుభ్రంగా తోమి, నాలుగుసార్లు తొలిస్తే సరిపోతుందనుకున్నాను. పైగా ఆసిడ్‌తో కడిగినప్పటికన్నా సీసాలు తళతళలాడేవి. మా అమ్మ పెంపకం తెలుసుగా, మెరిస్తేనే శుభ్రమైనట్టు. ఆసిడ్ వచ్చాక కూడా సబ్బు మానలేదు. ఆ సబ్బుపొడిలో ఉన్నదే భాస్వరం. నాలుగుసార్లు కాదు, నలభైసార్లు తొలిచినా గాజుకు కాస్త అంటుకునే ఉంటుంది. చెరువులో ఎంత తగ్గుతోందో అంతా నేను సీసాల్లో కలిపి పెట్టాను.

దాన్ని పట్టుకోవడానికే కదా మనం ప్రతిసారీ ఉత్త నీళ్ళను కూడా పరీక్షించేది. ఏమీ లేని నీళ్ళలో ఏదైనా కనిపించిందంటే అది మన గదిలోని మురికే. అయితే ఆ ఉత్త నీళ్ళకు నేను నాలుగు సీసాలు ప్రత్యేకంగా పెట్టాను. చుట్టాలొస్తే తీసే మంచి కప్పుల్లాగా వాటిని నా బీరువాలో బట్ట చుట్టి దాచేదాన్ని. ఉన్న కాస్త ఆసిడ్‌తో వాటిని మాత్రమే కడిగేదాన్ని. అవెప్పుడూ నిక్షేపంగా ఉన్నాయనే చెప్పేవి. జాగ్రత్త ఎక్కువై కొంప ముంచుకున్నాను.

ఈ జనవరిలో, పడవలోంచి వచ్చిన వారానికి, ఆ నాలుగింటిలో ఒకటి చేయిజారి పగిలింది. సరేలే అని పాత సీసాల్లోంచి ఒకదానిలో ఉత్త నీళ్ళు పోసి పరీక్ష చేశాను. నీలంగా మారాయి. నీలం ముదిరే కొద్దీ భాస్వరం ఎక్కువని నాకు నేర్పింది నువ్వే. ఏమీ లేని నీళ్ళు ఆకాశమంత నీలంగా నా చేతిలో ఉన్నాయి.

అప్పుడు నీ ఫ్రీజరు గుర్తొచ్చింది. నమూనా తెచ్చిన ప్రతిసారీ సగం నీళ్ళు కొత్త ప్లాస్టిక్ సీసాలో పోసి, తేదీ రాసి గడ్డకట్టించేదానివి. ఈ నీళ్ళకు వయసొచ్చాక పెళ్ళి చేస్తావా అని ఎగతాళి చేసేదాన్ని. నా సబ్బు తగలని నీళ్ళు ఈ గదిలో అవి మాత్రమే. రెండేళ్ళవి, నెలకు రెండు చొప్పున, నలభై ఎనిమిదీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కొక్కటే కరిగించి, పక్క ఊరి ప్రయోగశాలకు కూడా సగం పంపి పరీక్ష చేయించాను. నన్ను నేను నమ్మే దశలో లేను మరి. మొదటి సీసాలు ముదురు నీలం. పోనుపోను రంగు దిగుతూ వచ్చింది. ఆఖరి సీసాల్లో నీలం ఉందా లేదా అని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడాల్సి వచ్చింది. రెండేళ్ళలో భాస్వరం మూడోవంతుకు పడిపోయింది వదినా. నువ్వు విఫలమయ్యానని చెప్పిన రోజుకే నువ్వు గెలిచి ఉన్నావు. పక్క ఊరివాళ్ళ అంకెలూ అదే చెబుతున్నాయి.

మన ప్రయోగశాల పెద్దాయనకు కాగితాలు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ఆవిణ్ణి మనం ఊరికే పోగొట్టుకున్నామమ్మా అన్నాడు. ఎగువ చెరువు పని నీకే అప్పగిద్దామని కూడా ఆయనే అన్నాడు. నీ కుర్చీ కిటికీ పక్కనే ఉంది, ఒక కాలు ఊగుతోంది, బాగుచేయిస్తాను. అన్నయ్య ఒప్పుకోడేమో అని భయపడకు, వాణ్ణి నేను చూసుకుంటాను. నువ్వు సరేననాలి, అంతే.

పాపకు నా ముద్దులు. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. ఉత్తరం కవరులో పెట్టి అంటించి, మళ్ళీ చింపి తీశాను. పైన ఒక అబద్ధం రాశాను. ఆ సీసా పగిలింది ఈ జనవరిలో కాదు. ఆరేళ్ళ కిందట, మీ సామాను లారీ కదిలిన తొమ్మిదో రోజున. ఉత్త నీళ్ళు నీలంగా మారడం ఆ రోజే చూశాను. సబ్బుపొడి డబ్బా ఆ మధ్యాహ్నమే పారేసి, చేతులు మండుతున్నాయని అందరికీ చెప్పాను. నీకు చేద్దామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. నీ మీద అరిచిన నోటితో తప్పు నాదేనని చెప్పలేకపోయాను. రేపు చెబుదామనుకున్నాను, ఆ రేపు ఆరేళ్ళు సాగింది. ఫ్రీజరు ఖాళీ చేస్తామని స్టోరువాళ్ళు మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ పోట్లాడి పంపేశాను. పారేయనివ్వలేదు, తెరిచి చూసే ధైర్యమూ చేయలేదు. మొన్న పడవలోంచి చేపలు చూశాక ఇక నా వల్ల కాలేదు.

ఇప్పుడే పెద్దాయన గదికి వెళ్ళి, సవరణ మొదటి పేజీలో సీసా పగిలిన అసలు తేదీ రాసి కింద సంతకం పెట్టి వచ్చాను. నా ఉద్యోగం ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఈ ఉత్తరంలో పై పేజీలు మార్చి రాయొచ్చు, మార్చలేదు. ఆరేళ్ళు నీతో ఎలా మాట్లాడానో నువ్వు చూడాలి. నన్ను తిట్టు వదినా, కానీ ఫోనులో వద్దు. పంతొమ్మిదో తేదీ గురువారం పొద్దున ఏడింటికి పడవ బయలుదేరుతుంది. వచ్చి, ఆ నీళ్ళ మధ్య కూర్చుని తిట్టు.